రేపటి పేపర్

నారాయణగూడ,
జూలై 6

సంయుక్తా,

ఈ చిరునామా మీ అమ్మగారు వెంటనే ఇవ్వలేదు. గుమ్మంలోనే నిలబెట్టి, "ఎందుకు బిడ్డా? నువ్వు గూడ వీడియో తీస్తవా?" అన్నారు. ఐదేళ్లుగా మీ ఇంట్లో చాయ్ తాగుతున్నాను. ప్రభావతమ్మ గారు నన్ను లోపలికి రమ్మనకపోవడం ఇదే మొదటిసారి. నువ్వు నిజామాబాద్‌లో మీ పిన్ని భాగ్యశ్రీ గారింట్లో ఉన్నావని, నీ ఫోను ఇంకా పోలీసుల దగ్గరే ఉందని చివరికి చెప్పి, పాత కరెంటు బిల్లు వెనక అడ్రసు రాసిచ్చారు. అందుకే ఈ ఉత్తరం. చేత్తో రాయడం అలవాటు తప్పింది. ఇది మూడో కాగితం.

ఇక్కడ జనం ఏమనుకుంటున్నారో నీకెవరూ చెప్పి ఉండరు. జూన్ 14, శనివారం మధ్యాహ్నం మన 'చిక్కడపల్లి చదువరులు' గ్రూపులో నువ్వు పెట్టిన మెసేజీ స్క్రీన్‌షాట్ ఇంకా ఫోన్లలో తిరుగుతూనే ఉంది. "రేపటి పేపర్ రెడీ. పది కాపీలే ఉన్నయి. అయిదింటికి లైబ్రరీ మెట్ల కాడికి రండ్రి. బయట ఎవ్వరికి చెప్పకండ్రి." మర్నాడు ఆదివారం సర్కారు ఉద్యోగాల పరీక్ష. ఏళ్ల తరబడి దానికోసమే అశోక్ నగర్ హాస్టళ్లలో కూర్చున్నవాళ్లకు ఆ నాలుగు ముక్కలు చాలిపోయాయి. లీకైన ప్రశ్నపత్రం నీ దగ్గరుందన్నారు. రెండు నిమిషాల్లో మెసేజీ తీసేశావు కదా, తీసేయడమే రుజువన్నారు.

ఇప్పుడు గ్రూపులో ఎవరూ రాయడానికి లేదు. అడ్మిన్ విద్యాసాగర్ సార్ తాళం వేసేసి, పద్నాలుగు నియమాలు పెట్టారు. వాటిలో మొదటిది, 'పంపే ముందు ఏ గ్రూపులో పంపుతున్నామో చూసుకోవలెను'.

నువ్వు ఎలా ఉన్నావు? అన్నం తింటున్నావా? ఆ స్క్రీన్‌షాట్ ఎవరు తీశారో, పోలీసులు నీకేమైనా చెప్పారా?

సుహాసిని

&nbsp;

నిజామాబాద్,
జూలై 14

సుహాసిని గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. శ్రమ తీసుకుని రాసినందుకు కృతజ్ఞతలు. నేను బాగానే ఉన్నాను. అన్నం తింటున్నాను.

బయట ఏమనుకుంటున్నారో మీరు రాశారు. జరిగింది కూడా మీకు తెలియాలి కనుక రాస్తున్నాను. ఆదివారం పరీక్ష నేను రాయాల్సింది కాదు. నాది అక్టోబరు పరీక్ష. దానికోసం మేం ఏడుగురం ఏప్రిల్ నుంచి వేరే చిన్న గ్రూపు పెట్టుకున్నాం. రోజూ ఒకరు వంతులవారీగా ఒక ప్రశ్నపత్రం తయారుచేయాలి, మర్నాడు పొద్దున గడియారం పెట్టుకుని అందరం రాయాలి. దాన్నే మేం 'రేపటి పేపర్' అనేవాళ్లం. ఆ శనివారం వంతు నాది. నాన్న దుకాణంలో పది కాపీలు తీశాను. చిన్న గ్రూపులో పెట్టాల్సిన మాట పెద్ద గ్రూపులో పడింది. చూసుకుని తీసేశాను. 'పొరపాటున పెట్టాను, ఏమీ అనుకోకండి' అని రాద్దామనుకున్నాను. కానీ అనవసరమైన మెసేజీలు పెట్టొద్దని విద్యాసాగర్ సార్ ఎప్పుడూ అంటారు కదా. ఎవరూ చూసి ఉండరులే అనుకుని ఊరుకున్నాను.

మెట్ల దగ్గరికి నా స్నేహితులకంటే ముందు పోలీసులు వచ్చారు. మిగతా ఆరుగురూ గేటు దాకా వచ్చి, చూసి, సంచులు సర్దుకుని పక్కనుంచే వెళ్లిపోయారు.

అశోక్ నగర్‌లో నాన్న జిరాక్స్ దుకాణం మీకు తెలుసు. లీకైన పేపరు కాపీలు తీసింది అక్కడేనని యూట్యూబ్ వీడియోలో బోర్డుతో సహా చూపించారు. మెషిన్ పోలీసులు తీసుకుపోయారు. ఇరవై రెండేళ్లుగా నడుస్తున్న దుకాణం.

స్క్రీన్‌షాట్ గురించి అడిగారు. నాలుగు వందల పన్నెండు మందిలో ఎవరైనా కావచ్చు. విచారణ చేసిన మేడం చాలా కాగితాలు చూపించారు. అన్నీ గుర్తు లేవు.

మీరు ఆ ఆదివారం పరీక్ష బాగా రాశారని తలుస్తాను.

ఇట్లు,
సంయుక్త

&nbsp;

నారాయణగూడ,
జూలై 21

సంయుక్తా,

సుహాసిని గారు! మీరు! తలుస్తాను! ఎప్పుడూ "అక్కా, అక్కా" అంటూ వెంట తిరిగిన పిల్ల రాసిన ఉత్తరమేనా ఇది? కోపం ఉంటే తిట్టు. ఈ మర్యాద నేను భరించలేను.

నిన్న మీ నాన్నగారి దుకాణానికి వెళ్లాను. షట్టరు సగం దించి ఉంది. రాఘవేందర్ గారు లోపల స్టూలు మీద కూర్చున్నారు. మెషిన్ ఉన్నచోట నేల మీద చతురస్రంగా తెల్లటి మచ్చ మిగిలింది. నన్ను చూసి లేచి, "నీకెందుకు బిడ్డా ఈడికొచ్చుడు? ఎవడన్న ఫోటో తీస్తే నువ్వు గూడ బద్నాం అయితవు. జల్ది పో" అన్నారు. నేను కదలకపోతే బయట టీకొట్టు వైపు చూపించి, "గాళ్లు నాతోని మాట్లాడుడు బంద్ చేసిన్రు. రోజు నా దగ్గర్నే పేపర్ చదువుతుండిరి" అన్నారు.

స్టేపుల్ చేసిన ప్రతి సెట్టు ఇస్తూ "మంచిగ చదువు బిడ్డా" అనే మనిషి. నిన్న ఆ మాట కూడా అనలేదు.

పరీక్ష బాగానే రాశాను. ఫలితాలు వచ్చే నెలలో అంటున్నారు.

ఆ మేడం ఏమేం అడిగారు? ఏ కాగితాలు చూపించారు? గుర్తు తెచ్చుకుని రాయి. నాకు తెలిసిన వకీలు ఒకరున్నారు, అడుగుతాను.

సుహాసిని

&nbsp;

నిజామాబాద్,
ఆగస్టు 2

సుహాసిని గారికి,

వకీలు అక్కర్లేదు. అడిగారు కనుక చెబుతున్నాను.

మేడం మా అమ్మ వయసావిడ. అరవలేదు, చెయ్యెత్తలేదు. మెసేజీ ప్రింటు నా ముందు పెట్టి "రేపటి అంటే ఏ రేపమ్మా?" అని అడిగారు. నేను చెప్పాను. "చిన్న గ్రూపు చూపించు" అన్నారు. ఫోను తీసేసరికి ఆ గ్రూపు లేదు. గంట సేపట్లో ఆరుగురూ బయటికి వెళ్లిపోయారు, పాత మెసేజీలు ఎవరివి వాళ్లు చెరిపేశారు. మేడం నా ముందే ఆ ఆరుగురిలో ఒకరైన రచనకు ఫోన్ చేశారు. రచనతో కలిసి మూడు నెలలు ఒకే డబ్బాలో అన్నం తిన్నాను. "నాకు ఆమె తెల్వది మేడం, లైబ్రరీల చూసిన గంతే" అంది. స్పీకర్లో విన్నాను.

నా సంచిలోని పది కాపీలూ ఆదివారం వచ్చిన అసలు పేపరుతో పోల్చి చూశారు. ఒక్క ప్రశ్న కలవలేదు. అయినా "అసలువి దాచి ఇవి పెట్టుకున్నావేమో, ఎట్ల నమ్మాలె?" అన్నారు. ఎందుకంటే నేను ఒప్పుకున్నానని ఫిర్యాదు చేసినవాళ్లు రాశారట. ఏం ఒప్పుకున్నానో, ఎవరితో ఒప్పుకున్నానో మీకు ఆశ్చర్యంగా ఉండవచ్చు.

కేసు తేలేదాకా ఏ పరీక్షా రాయనివ్వమని పరీక్షల బోర్డు ఉత్తరం పంపింది. పిన్ని ఆ కవరు బియ్యం డబ్బా మీద పెట్టింది. రోజూ బియ్యం తీసేటప్పుడు దాన్ని చేత్తో పక్కకు జరుపుతుంది.

ఊరికే అడుగుతున్నాను. ఆ శనివారం రెండున్నర నుంచి అయిదు దాకా మీరెక్కడున్నారు?

సంయుక్త

&nbsp;

నారాయణగూడ,
ఆగస్టు 10

సంయుక్తా,

ఇంట్లోనే ఉన్నాను. మర్నాడు పరీక్ష కదా, గది తలుపేసుకుని చదువుకున్నాను. ఫోను చూడలేదు. ఎందుకడిగావు?

ఫలితాలు వచ్చాయి. నా పేరు ఉంది. ఐదో ప్రయత్నం. ముప్పై మూడేళ్లు నిండాయి, ఈ పోస్టుకు వయసు రీత్యా నాకు మరో అవకాశం లేదు. నాన్న రెండుసార్లు నంబరు సరిచూసుకుని, కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. సచివాలయంలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. కూతురు ఆఫీసరవుతుందని వీధి చివరి దాకా వెళ్లి చెప్పొచ్చారు.

ఈ సమయంలో నీకు ఈ మాట రాయడం బాగుండదని తెలుసు. వేరేవాళ్ల ద్వారా తెలియడం ఇంకా బాగుండదనిపించింది.

జాగ్రత్తగా ఉండు.

సుహాసిని

&nbsp;

నిజామాబాద్,
ఆగస్టు 18

సుహాసిని గారికి,

అభినందనలు. మీ కష్టం నాకు తెలుసు. మీ నాన్న జోగారావు గారికి కూడా నా నమస్కారాలు చెప్పండి. ఇది నిజంగానే రాస్తున్నాను.

నిన్న మేడం నుంచి ఫోన్ వచ్చింది, పిన్ని నంబరుకు. ఫిర్యాదు చేసినవాళ్లు పేరు లేకుండా మెయిల్ పంపారట. వాళ్లు సెప్టెంబరు పదిలోగా స్వయంగా వచ్చి, మా ఇద్దరి మధ్య జరిగిన సంభాషణ మొత్తం చూపించి వాంగ్మూలం ఇస్తే ఫైలు మూసేస్తారట. లేకపోతే ఫైలు అలాగే ఉంటుంది, అక్టోబరు పరీక్ష నాకు లేనట్టే. "గామె ఎవరో నీకు తెలిస్తే అడుగమ్మా" అన్నారు. తెలియదన్నాను.

ఫోను చూడలేదని రాశారు. సరే. పది కాపీల లెక్క మీకు చెప్పలేదు కదా. ఏడుగురికి ఏడు. ముద్ర సరిగా పడకపోతే పనికొస్తాయని రెండు. ఇంకొకటి మిగిలింది. మార్చి నుంచి నాతో మాట్లాడటం మానేసిన ఒక మనిషి కోసం ప్రతి వారం ఒక కాపీ తీసి పక్కన పెట్టేదాన్ని. ఆమె రాసే పరీక్ష వేరే. అయినా జనరల్ స్టడీస్ ఒకటే కదా, ఏదో ఒక రోజు మెట్ల మీదికి వస్తుందనుకునేదాన్ని. ఆ శనివారం మూడింటికి పది నిమిషాల ముందు ఆమె నన్ను విడిగా అడిగింది: "నిజంగానే రేపటి పేపరా?" మూడు నెలల తర్వాత వచ్చిన మొదటి మాట. మా పద్ధతి రచనో ఎవరో చెప్పి ఉంటారు, తనూ వస్తానంటోంది అనుకున్నాను. సంతోషం పట్టలేక వెంటనే జవాబు పెట్టాను.

ఏం పెట్టానో మీకు రాయనక్కర్లేదు.

సంయుక్త

&nbsp;

నారాయణగూడ,
ఆగస్టు 25

సంయుక్తా,

"అవునక్కా. నీకు గూడ ఒకటి పక్కకు పెట్టిన. జల్ది రా."

ఇదీ నువ్వు పెట్టింది. రెండున్నర నెలలుగా రోజూ చదువుతున్నాను.

మెయిల్ పంపింది నేనే. స్క్రీన్‌షాట్లు రెండూ నేను తీసినవే. నీకు తెలుసని మొదటి ఉత్తరానికే అనుమానం వచ్చింది. తెలియదేమోనన్న ఆశతో రాస్తూ వచ్చాను. నీకేం తెలుసో పసిగట్టడానికే ఆ పరామర్శలన్నీ. దుకాణానికి వెళ్లింది మాత్రం అందుకు కాదు. అది నమ్మినా నమ్మకపోయినా సరే.

మార్చి నుంచి చెప్పాలి. నాలుగోసారి తప్పిన రోజు గ్రూపులో పెద్ద మెసేజీ రాశాను గుర్తుందా? ఇక నా వల్ల కాదని, ఇంట్లో మొహం చూపించలేకపోతున్నానని, ఇంకా ఏవేవో. నాలుగు వందల మంది ముందు ఏడ్చినట్టే రాశాను. దానికింద నువ్వు ఒక్క ముక్క పెట్టావు. "ఇగ ఊకో అక్కా." ఆ ముక్క కింద పదిమంది బొటనవేళ్లు, ఇద్దరు ముగ్గురు నవ్వు బొమ్మలు. నోరు మూసుకోమన్నావనిపించింది. నువ్వన్నావు, అందరూ ఔనన్నారు. పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే, ఆ మాట ఎరగనిదాన్ని కాదు. కానీ తెర మీద ఆ మాటకు నీ గొంతు లేదు. 'ఎందుకలా అన్నావు?' అని నిన్ను అడిగి ఉండాల్సింది. అడగలేదు. నీ ఫోన్లు ఎత్తడం మానేశాను. తర్వాత మీరంతా వేరే గ్రూపు పెట్టుకున్నారని తెలిసింది. నన్ను తీసేయడానికే పెట్టుకున్నారనుకున్నాను.

ఆ శనివారం నీ మెసేజీ చూడగానే స్క్రీన్‌షాట్ తీశాను. నాకది చివరి అవకాశం, నా స్నేహితురాలు తనవాళ్లకి పేపరు పంచుతోంది! అయినా అడిగాను. నువ్వు అవునన్నావు. తమ్ముడు ఫణికిరణ్‌కి పంపి ఏం చెయ్యమంటావని అడిగాను. వాడు నన్ను మళ్లీ అడక్కుండా రెండు వేల మంది ఉన్న గ్రూపులో పెట్టేశాడు. నేను బోర్డుకు మెయిల్ పెట్టాను. న్యాయం చేస్తున్నాననే అనుకున్నాను. ఆ నమ్మకం సోమవారం దాకా ఉంది. నీ సంచిలోని ప్రశ్నలు అసలు పేపరుతో కలవలేదని ఆ రోజు విన్నాను.

అప్పుడే వెళ్లి చెప్పాల్సింది. భయపడ్డాను. ఇప్పటికీ భయంగానే ఉంది. పేపరు ఇస్తానన్న మనిషితో మాట్లాడి, మర్నాడు అదే పరీక్ష రాసి ఎలా సెలక్టయ్యావని నన్నే అడుగుతారు. నా పేరు లిస్టులోంచి పోతుంది. నాన్నకు ఏం చెప్పను?

క్షమించమని అడిగే ధైర్యం లేదు. వెళ్తానని మాటిచ్చే ధైర్యం కూడా లేదు. ఉన్నదున్నట్టు రాశాను.

సుహాసిని

&nbsp;

నిజామాబాద్,
ఆగస్టు 30

ఇన్ని రోజులు పుస్తకంల ఉన్నట్టు రాసిన. నా భాషల రాస్తే తిట్లొస్తయని భయమైంది. ఇగ అట్ల రాయను.

నాకు మొదటి రోజే తెల్సు. మేడం రెండో కాగితం తిప్పి పెట్టింది. పైన నీ పేరు కొట్టేసి ఉన్నది, కానీ నా మాట నాకు తెల్వదా? 'నీకు గూడ ఒకటి పక్కకు పెట్టిన' అని నేను లోకంల ఒక్కదానికే రాసిన. మేడం అడిగింది, "గీ మెసేజ్ ఎవరికి పెట్టినవ్?" అని. నీ పేరు చెప్తే నిన్ను పిలుస్తరు, తెల్లారితే నీ పరీక్ష. ఐదోసారి. నేను "గుర్తులేదు" అన్న. గుర్తులేదంటే ఇంక అనుమానం పెరుగుతదని తెల్సు. అయినా అన్న. మీ నాయిన మొఖం కండ్ల ముందట తిరిగింది. తర్వాత ఫోన్ తీసుకపోయిన్రు, అండ్ల అంత ఉంటది గదా అనుకున్న. చూస్తే మార్చి గొడవైనంక నీ చాట్ చూసినప్పుడల్ల బాధైతుందని, పాత మెసేజీలన్ని ఒక్క రోజుకు వాటంతటవే పోయేటట్టు నా ఫోన్ల మట్టుకు సెట్టింగు పెట్టుకున్న నేనే. వాళ్లు తెరిచేటాల్లకు ఏం మిగల్లే. ఉన్నది నీ ఫోన్ల ఒక్కదాంట్లనే.

ఊకో అంటే నోరు మూసుకోమని అర్థమా? మా ఇంట్ల ఏడ్సే పిల్లను ఎత్తుకొని, ఈపు మీద చెయ్యేసి నిమురుకుంట "ఊకో బిడ్డా, ఊకో" అంటరు. మా నాయనమ్మ కమలవ్వ సచ్చిపోయిన రోజు మా నాయినను గట్లనే అన్నరు అందరు. నువ్వు ఏడుస్తున్నవని నాకు అర్థమైంది. నాలుగు వందల మందిల నీ దగ్గరికొచ్చి చెయ్యేసినట్టు రాసిన. ఆ నవ్వు బొమ్మలు ఎవడు పెట్టిండో నాకేం తెల్సు?

ఒక్కసారి "ఎందుకన్నవే?" అని అడిగితే చెప్పకపోదునా? నారాయణగూడకెల్లి చిక్కడపల్లికి నడిస్తే ఎంత సేపు?

నువ్వు పోతవో పోవో నీ ఇష్టం. నేను బతిమిలాడ. కానీ అన్నం తింటున్నవా అని ఇంకోసారి రాయకు. ఆ మాట చదివినప్పుడల్ల అన్నం దిగుతలేదు.

సంయుక్త

&nbsp;

నారాయణగూడ,
సెప్టెంబరు 9

సంయుక్తా,

నిన్న వెళ్లి వాంగ్మూలం ఇచ్చాను.

ముందు నాన్నతో చెప్పాను. మొత్తం విన్నారు. "నీకేమైనా మతిపోయిందా? ఎవరో పిల్ల కోసం చేతికొచ్చిన ఉద్యోగం వదులుకుంటావా? నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. "ఆ ఎవరో పిల్ల నా పేరు చెప్పకుండా ఊరుకుంది నాన్నా, మీ కోసమే" అని నీ ఉత్తరం ఆయన చేతిలో పెట్టాను. నాన్న చదివారు. మీ నాయిన అని ఉన్నచోట ఆగి మళ్లీ చదివారు. నన్ను వెళ్లమనలేదు, వద్దనీ అనలేదు. పొద్దున నేను చెప్పులు వేసుకుంటుంటే, "ఫోను చార్జింగ్ పెట్టుకున్నావా? అక్కడ చూపించాలిగా" అన్నారు.

మేడం మూడు గంటలు కూర్చోబెట్టారు. చాట్ మొత్తం, మార్చి నుంచి ఉన్నది ఉన్నట్టు చూపించాను. 'అవునక్కా' అన్నది దేనికి జవాబో చెప్పాను. అంతా రాసుకుని, కలం మూతపెట్టి, "ఒక్క ఫోన్ చేసి ఏందని అడిగితే అయిపోతుండె గదమ్మా" అన్నారు. నా సెలక్షన్ సంగతి కూడా చెప్పారు. ఆపి ఉంచుతారు. ఆ పేపరు నా చేతికి రాలేదని తేలితేనే వదులుతారు.

అక్కడినుంచి తిన్నగా విద్యాసాగర్ సార్ ఇంటికి వెళ్లాను. గ్రూపు తాళం తీస్తే నా పేరుతో నేను రాస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "అయిపోయింది గదమ్మా, మళ్ల కెలుకుడెందుకు? గ్రూపు ఇజ్జత్ సంగతి చూడాలె గద" అన్నారు. "సంయుక్త ఇజ్జత్ పోయింది మన గ్రూపులోనే కదా సార్" అన్నాను. ఆయన భార్య లోపల్నుంచి, "తీయుండ్రి" అంది. తీశారు.

ఏం రాశానో నీకు తెలియాలి. "జూన్ 14న సంయుక్త పెట్టింది తన స్నేహితులతో రాసుకునే మోడల్ పేపర్ గురించి. దాన్ని తప్పుగా అర్థం చేసుకుని, తనని సరిగ్గా అడక్కుండా, బోర్డుకు ఫిర్యాదు చేసింది నేను. నా నుంచే అది బయటికి పోయింది. సంయుక్త ఏ తప్పూ చేయలేదు. రాఘవేందర్ గారి దుకాణం ఏ తప్పూ చేయలేదు. ఈ రోజు వాంగ్మూలం ఇచ్చాను. – సుహాసిని, నారాయణగూడ."

తర్వాత మొదలైంది. సాయంత్రానికి మూడు వందల పైచిలుకు మెసేజీలు. ఏమేం అన్నారో నీకు రాయను. గ్రూపులోంచి వెళ్లిపోదామనిపించింది. వెళ్లలేదు. ఒక్కొక్కటీ చదివాను. నీ మీద వచ్చినవి నువ్వు కూడా ఇలాగే చదివి ఉంటావు కదా. రచన ఆఖర్న రాసింది: "ఏడుగురిలో నేను ఒకదాన్ని. నేను గూడ వచ్చి చెప్త." తర్వాత మిగతావాళ్లలో ముగ్గురు.

ఫణికిరణ్ ఆ రెండు వేలమంది గ్రూపులోనూ పెట్టాడు. వాడి చేత పెట్టించాను.

నీకు రాయవద్దన్న మాట రాయలేదు.

సుహాసిని

&nbsp;

చిక్కడపల్లి,
నవంబరు 12

సుహాసినీ,

రెండు నెలలు రాయకపోయింది కోపంతో కాదు. కోపం ఉంది. కానీ పరీక్ష, దుకాణం పనులతోనే రోజులు గడిచాయి. ఇన్నాళ్లకు కాగితం ముందు కూర్చుంటే చేతికి మళ్లీ పుస్తకం భాషే వస్తోంది.

ఫైలు మూసేశామని సెప్టెంబరు చివర్లో ఉత్తరం వచ్చింది. హాల్‌టికెట్టు పరీక్షకు ఎనిమిది రోజుల ముందు వచ్చింది. నాలుగు నెలలు పుస్తకం ముట్టనిదాన్ని, ఎనిమిది రోజుల్లో ఏం చదువుతాను? పోయి రాశాను. సెంటరు దగ్గర ఇద్దరు నన్ను గుర్తుపట్టారు. ఒకామె పక్కకు జరిగింది. ఇంకొకామె వచ్చి "మీరు సంయుక్త కదా? పెన్ను ఉందా?" అని అడిగింది. ఎందుకడిగిందో తెలియదు, ఆమె చేతిలోనే రెండు పెన్నులున్నాయి. పేపరు కష్టంగా వచ్చింది. వస్తుందన్న ఆశ లేదు. నాకింకా వయసుంది, మళ్లీ రాస్తాను.

మెషిన్ తెచ్చిచ్చారు. దసరా అయ్యాక నాన్న షట్టరు పూర్తిగా ఎత్తాడు. మొదటి రోజు నలుగురే వచ్చారు. రెండో వారం నుంచి పాత గిరాకీలో సగం. టీకొట్టువాళ్లు పొద్దున్నే పేపరు చదువుకోవడానికి వచ్చి కూర్చుంటున్నారు, ఏమీ జరగనట్టు. నాన్న కూడా ఏమీ జరగనట్టే పేపరు అందిస్తాడు. నాకది చూస్తే మండుతుంది. "ఎట్ల మాట్లాడుతవ్ నాయినా వాళ్లతోని?" అంటే, "రోజు పొద్దున షట్టర్ తియ్యాలె గద బిడ్డా" అన్నాడు.

జోగారావు గారు మా దుకాణానికి వచ్చారు. నీకు చెప్పారో లేదో. నీ సర్టిఫికెట్లు ఒక్కొక్కటి మూడు కాపీలు తీయించుకున్నారు. నారాయణగూడలో జిరాక్స్ దుకాణాలు లేక కాదు కదా. వెళ్తూ వెళ్తూ ఆయన నాన్న చేయి పట్టుకున్నారట.

ఆపి ఉంచిన నీ సెలక్షన్ వదిలారని ఆయన చెబితేనే తెలిసింది. మిగతావాళ్లందరూ ఊళ్లు ఎంచుకున్నాక నీకు మిగిలింది ఆసిఫాబాద్ అని, ఇరవయ్యో తారీకున చేరాలని కూడా. అంత దూరం మీ ఇంట్లో ఎవరూ వెళ్లి ఉండరు. అక్కడ చలి ఎక్కువ, రగ్గు తీసుకుపో.

నిన్ను క్షమించానా అని పిన్ని అడిగింది, అమ్మ అడిగింది, రచన అడిగింది. రచనను క్షమించానా అని మాత్రం ఎవరూ అడగలేదు, రచన కూడా. నాకు తెలియదు. పొద్దున ఒకలాగా ఉంటుంది, మధ్యాహ్నానికి ఇంకోలాగా. నువ్వు వాంగ్మూలం ఇవ్వడానికి వెళ్లిన రోజు తలుచుకుంటే ఒకలాగా, 'ఫోను చూడలేదు' అని రాసిన రోజు తలుచుకుంటే ఇంకోలాగా. నువ్వూ ఉన్నదున్నట్టు రాశావు కాబట్టి రాస్తున్నాను.

ఫోను తిరిగి ఇచ్చారు. నీ నంబరు ఉంది. మెసేజీ పెట్టబుద్ధి కాలేదు. ఉత్తరాలు కూడా ఇక చాలు. రాసినదాంట్లో నువ్వు వినే గొంతు ఒకటి, నేను పలికే గొంతు ఒకటి.

వచ్చే మంగళవారం, నువ్వు బయల్దేరే ముందు, సాయంత్రం అయిదింటికి మా ఇంటికి రా. అమ్మతో చెప్పాను. ఆమె కుర్చీ మీది బట్టలు తీసి లోపల పెట్టింది. నేనేమంటానో నాకే తెలియదు. తిట్టొచ్చు. ఏడవొచ్చు. ఏదైనా సరే నా మొహం చూస్తూ విను. అర్థం కాకపోతే అక్కడే, అప్పుడే అడుగు.

సంయుక్త